తెల్లపొర మీద బొటనవేలు

మా బావ గురించి చెప్పాలంటే ముందు బావ కుడిచేతి బొటనవేలి గురించి చెప్పాలి. మనిషి మామూలు మనిషే. పదిమందిలో నిలబెడితే వెతికి పట్టుకోవడం మా అక్కకే కష్టం. ఆ వేలు మాత్రం మామూలుది కాదు. ఫ్యాక్టరీలో కోట్లు పోసి కొన్న కెమెరా వదిలేసిన లోపాన్ని కూడా అది పట్టుకునేది. బావ మీద ప్రేమ పొంగిపోయి చెబుతున్న మాట కాదిది. రెండు నెలలపాటు బావతో మాటలు మానేసినదాన్ని నేను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఫ్యాక్టరీలో బావని ఎవరూ పేరుపెట్టి పిలిచేవాళ్లు కాదు. "మెల్లిగా" అనేవాళ్లు. యంత్రం నడుస్తున్నప్పుడు పక్కనే తనూ నడుస్తూ "మెల్లిగా, మెల్లిగా" అంటూ ఉండటం బావకి అలవాటు. యంత్రానికి చెవులున్నాయా బావా అని ఒకసారి అడిగాను. "దానికి లేకపోతేనేం, నాకున్నాయిగా" అన్నాడు. కొత్తగా చేరినవాళ్లు అదే ఆయన పేరనుకుని "మెల్లిగా గారూ" అని పిలిచిన సందర్భాలు కూడా ఉన్నాయి. బావ పలికేవాడు.

అక్కడ తయారయ్యేది ఒక తెల్లటి పొర. బ్యాటరీలో రెండు రేకుల మధ్య దాన్ని పెడతారు. కరెంటుకి దారి ఇవ్వాలి, రేకులు మాత్రం ఒకదాన్నొకటి తాకకూడదు. తాకాయా, నిప్పే. మా అక్కకి ఇదంతా విడమరచి చెప్పబోతే మధ్యలోనే ఆపేసింది. "అర్థమైందిలేవే. మా అత్తగారికీ నాకూ మధ్య మీ బావ ఉన్నట్టు. మాటలు అటూ ఇటూ పోవాలి, మనుషులు మాత్రం తగలకూడదు" అంది. మా ప్లాంటు సారు బొమ్మలు గీసి చెప్పినా ఇంత బాగా చెప్పలేదు.

పొర చేసే పద్ధతి చెబుతాను, విసుక్కోకండి. ప్లాస్టిక్ పొడినీ నూనెనీ కలిపి వేడిమీద కరిగించి చల్లటి రోలరు మీదకి మందపాటి షీటుగా దించుతారు. ముందు పొడుగ్గా లాగుతారు. తర్వాత వేడి ఓవెన్లో రెండు అంచులనీ క్లిప్పులు కరిచిపట్టుకుని అడ్డంగా లాగుతాయి. అప్పటికి అది తల వెంట్రుక మందంలో ఏడో వంతో ఎనిమిదో వంతో ఉంటుంది. నూనె ఉన్నంతసేపు పొర గాజులా ఉంటుంది, వెనక నిలబడ్డ మనిషి ముఖం కనిపిస్తుంది. ఆ తర్వాత నూనెని కడిగేస్తారు. నూనె ఉన్న చోటల్లా కంటికి కనపడని రంధ్రాలు మిగిలిపోతాయి. అంతదాకా గాజులా ఉన్నది పాలలా తెల్లబడిపోతుంది. ఆ రంధ్రాలే దాని ప్రాణం. కాబట్టి పొర తెల్లగా ఉందంటే ఆరోగ్యంగా ఉందని లెక్క. తెల్లటి పొర మీద ఎక్కడైనా గాజులాంటి మచ్చ కనిపించిందంటే, అక్కడ మళ్లీ నూనె చేరిందన్నమాట.

నాది ల్యాబులో పని, అదీ కాంట్రాక్టు మీద. పొరలోంచి గాలి ఎంతసేపటికి దాటుతుందో కొలవడం, సూది ఎంత బలంతో గుచ్చితే దిగుతుందో చూడటం. "రోజంతా సూదితో పొడవడమే ఉద్యోగమా! నీ నోటికి తగ్గ పనే ఇచ్చార్రా" అని బావ ఏడిపించేవాడు. నేను అక్కావాళ్ల ఇంట్లోనే, ముందుగదిలో ఉండేదాన్ని. ఉద్యోగం పర్మనెంటు అయిన మరునాడే వేరే గది తీసుకుని, నా తలుపుకి నేనే తాళం వేసుకోవాలని మూడేళ్లుగా నా కల. చిన్న కలే, కానీ నాది.

బావ పదిహేడో ఏట ప్లాస్టిక్ సంచులు చేసే షెడ్డులో చేరాడు. కరిగిన ప్లాస్టిక్‌ని బుడగలా ఊది, పైకప్పు దాకా లేపి, చల్లారాక నొక్కి చుట్టేవాళ్లు. మందం కొలిచే పరికరం షెడ్డు మొత్తానికి ఒక్కటే. పనివాళ్లు పాడుచేస్తారని ఓనరు దాన్ని సొరుగులో పెట్టి తాళంచెవి జేబులో వేసుకుని పోయేవాడు. మరి మందం సరిపోయిందో లేదో తెలిసేదెలా? చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి నలిపి చూడటమే. సాయంత్రం ఓనరు వచ్చి కొలిస్తే వేలు చెప్పిందీ పరికరం చెప్పిందీ ఒకటి కావాలి. కాకపోతే ఆ రోజు కూలి కోత. అలా ఓనరు పిసినారితనం బావకి విద్య నేర్పింది. ఇంతకీ ఆ ఓనరు మీద కూడా బావకి కోపం లేదు. నాకుంది, నేనెప్పుడూ ఆయన్ని చూడకపోయినా.

ఆ రోజుల్నించీ బావ దగ్గర ఒక పుస్తకం ఉంది. తను చేసిన ప్రతి కొత్తరకం పొరలోంచి అగ్గిపెట్టెంత ముక్క కోసి, అందులో అతికించి, కింద తారీఖూ మందమూ రాసుకుంటాడు. మొదటి పేజీలో నల్లటి చెత్తసంచి ముక్క. తర్వాత పాలప్యాకెట్టు, బట్టల షాపు కవరు, బిస్కెట్లకు చుట్టే పారదర్శకమైన కవరు. మధ్యలోంచి ఈ తెల్లపొరలు మొదలవుతాయి. ఇరవై మైక్రాన్లు, పదహారు, పన్నెండు, తొమ్మిది. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పేజీలు తిప్పుతూ పోతుంటే ముక్కలు పల్చబడుతూ పోతాయి, బావ చేతిరాత మాత్రం లావవుతూ వస్తుంది. "మా పెళ్లి ఫొటోలకి చెదలు పట్టినా పట్టించుకోలేదు మహానుభావుడు, ఈ పుస్తకానికి మాత్రం ఉక్కుబీరువా" అని అక్క సాధిస్తూ ఉండేది.

తొమ్మిది మైక్రాన్ల దాకా వచ్చేసరికి బావ చేరింది పరిశీలన బల్ల దగ్గరికి. పెద్ద రోలులోంచి పొర విప్పుకుంటూ వచ్చి, కెమెరా కింద నుంచి సాగి, అడుగున లైట్లున్న గాజుబల్ల మీదుగా రెండో రోలుకి చుట్టుకుంటుంది. కెమెరాకి ఏదైనా అనుమానం వస్తే యంత్రం దానంతటదే ఆగుతుంది. అప్పుడు బల్ల దగ్గరున్న మనిషి చూసి, అది దుమ్మో లోపమో తేల్చాలి. చేతికి గ్లౌజు ఉండాలన్నది నిబంధన. బావ మాత్రం కుడిచేతి గ్లౌజు తీసి, బొటనవేలు అలా ఆనించేవాడు. దుమ్మయితే వేలికింద జారుతుందట, లోపమైతే నిలబడుతుందట. ఇది తప్పని అందరికీ తెలుసు. ప్లాంటు సారు అటువైపు వచ్చినప్పుడల్లా ముందు దగ్గేవారు, బావ గ్లౌజు తొడుక్కోవడానికి. ఆ వేలు ఎప్పుడూ తప్పు చెప్పలేదు మరి.

రోలు పాసైన ప్రతిసారీ బావ దాన్ని ఒక్కసారి తట్టి, "దీని మీద ఎవరో కూర్చుంటారు" అనేవాడు. మా అక్కకి బ్యాటరీ స్కూటరు ఉంది. బ్యాటరీ సీటు కిందే ఉంటుంది. పాపని ముందు నిలబెట్టుకుని రోజూ దానిమీదే స్కూలుకి తీసుకెళుతుంది. అందుకే ఆ మాట. నేను నవ్వేదాన్ని.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక పెద్ద బ్యాటరీ కంపెనీ ఏడు మైక్రాన్ల పొర కావాలంది. నమూనాగా మూడు వేల మీటర్ల రోలు ఒకటి ఇవ్వాలి. మధ్యలో ఎక్కడా అతుకు ఉండకూడదు. వాళ్ల మనుషులు ఇద్దరు వచ్చి దగ్గరుండి చూస్తారు. ఆర్డరు వస్తే ల్యాబులోనూ లైన్లోనూ కాంట్రాక్టు వాళ్లం ఐదుగురం పర్మనెంటు అవుతామని ప్లాంటు సారు అందరి ముందూ చెప్పారు. ఐదింట్లో ఒకటి నాది. నేను గదుల అద్దెలు కనుక్కోవడం మొదలుపెట్టాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కిటికీకి కర్టెన్లు కూడా చూసుకున్నాను.

ఆ వారమంతా బావ రోలర్లని స్పిరిటుతో తుడిచి తుడిచి, చేతులు ఎండి బీటలు వారిపోయాయి. రోలు పరిశీలించాల్సిన రోజు పొద్దున కంపెనీ బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. చూస్తే బొటనవేలు మీద అడ్డంగా పగులు, అందులోంచి సన్నగా రక్తం. "ఇదేంటి బావా, దీన్ని పెట్టుకునే పని చేస్తావా?" అని కసిరాను. నా సంచీలోంచి క్రీము ట్యూబు తీశాను. వద్దన్నాడు. లోపలికి క్రీములూ తలనూనెలూ తేకూడదని గేటు దగ్గరే బోర్డుంది. "అబ్బా, ఇది జిడ్డు లేని రకం. ట్యూబు మీదే రాసుంది. నాకు తెలీదా, ల్యాబులో ఉండేది నేనా నువ్వా?" అన్నాను. వేలు పట్టుకుని, పగులు నిండేలా నేనే రాశాను. ప్రేమతోనే రాశాను. నా ప్రేమ కూడా కసురుతున్నట్టే ఉంటుంది.

పదకొండు గంటలకు నేను ల్యాబు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. వచ్చిన ఇద్దరూ కుర్చీల్లో కూర్చుని టీ తాగుతున్నారు. బల్ల దగ్గర బావ, యంత్రం రెండో చివర పొడుగాయన. పొడుగాయనంటే బావ జతగాడు, ఇద్దరూ పదేళ్లుగా కలిసి పనిచేస్తున్నారు. మీటర్ల అంకె పెరుగుతోంది. పద్దెనిమిది వందలు. పంతొమ్మిది వందలు. యంత్రం ఆగింది. ఆగడం మామూలే. బావ గ్లౌజు తీసి వేలు ఆనించాడు. గాలి ఊదాడు. దుమ్మే అన్నమాట. నేను సూది కింద ముక్క మార్చుకోవడానికి తల తిప్పాను. మళ్లీ చూసేసరికి గంట మోగుతోంది, బల్ల చుట్టూ జనం మూగి ఉన్నారు. పొర తెగి రెండు చివరలూ విడిగా వేలాడుతున్నాయి.

"చెయ్యి జారింది సార్. బ్లేడు తగిలింది" అన్నాడు బావ.

అసలు బ్లేడు చేతిలోకి ఎందుకొచ్చింది అని ప్లాంటు సారు అడిగారు. బావ మళ్లీ అదే మాట అన్నాడు. మూడోసారి అడిగితే మూడోసారీ అదే. వచ్చిన ఇద్దరూ కప్పులు కింద పెట్టి, మర్యాదగా నవ్వి, గడియారాలు చూసుకున్నారు. ఆర్డరు ఇంకో ఫ్యాక్టరీకి పోయింది. మా ఐదుగురి కాగితాలూ మళ్లీ ఫైల్లోకి పోయాయి.

ఆ సాయంత్రం ఇంట్లో నేను మాట్లాడిన మాటలు ఇక్కడ రాయను. రెండు మాత్రం రాస్తాను, నాకు శిక్షగా. "వయసైపోయి చేతులు వణుకుతుంటే ఇంట్లో కూర్చోవాలి, నలుగురి నోట్లో మట్టి కొట్టకూడదు" అన్నాను. "నీ వేలికి పొగరెక్కింది" అన్నాను. బావకి అప్పటికి నలభై ఏడేళ్లే. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. అక్క "నోరుముయ్యవే" అంటూ లేచింది. బావ అక్కని చేత్తోనే ఆపి, "దానికి కోపం రావడం న్యాయమే" అన్నాడు. ఆ మాటతో నా కోపం రెట్టింపైంది.

ఆ రోజు నుంచి బావతో మాటలు బంద్. ఒకే ఇంట్లో ఉండి మాట్లాడకపోవడం అంత తేలిక కాదు. ఎనిమిదేళ్ల పాపే మా ఇద్దరికీ దిక్కు. "మీ నాన్నని ఆ ఫ్యాను ఆపమను" అని నేను, "పిన్నిని తాళం వేసుకుని వెళ్లమను" అని బావ. పాప కొన్నాళ్లకి విసిగిపోయి, "మీరిద్దరూ మాట్లాడుకుంటేనే నేను హోంవర్కు చేస్తా" అని సమ్మె కూడా చేసింది. ఫలితం లేకపోయింది.

ఫ్యాక్టరీలో బావని తుక్కు గదికి మార్చారు. కోసేసిన అంచులూ పాడైన రోళ్లూ అక్కడ మరలో వేసి ముక్కలు చేస్తారు. చెవుల్లో దూది పెట్టుకుంటే తప్ప నిలబడలేని రొద. "మెల్లిగా" అని పిలిచిన నోళ్లే "జారుచెయ్యి" అనడం మొదలుపెట్టాయి. బావ దానికీ పలికేవాడు. కానీ ఇంట్లో మనిషి తగ్గిపోయాడు. సాయంత్రం వచ్చి కుర్చీలో కూర్చుని, కుడిచేతి బొటనవేలిని ఎడంచేత్తో పట్టుకుని అలా ఉండిపోయేవాడు. "ఆ గదిలో చేతులకి ఏమీ తెలీట్లేదు. అన్నీ ఒకేలా ఉంటున్నాయి" అని అక్కతో అంటుంటే ముందుగదిలోకి వినిపించింది. జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే ఒళ్లుమండింది.

రెండు నెలలు గడిచాక ఇంకో కంపెనీ ఏడు మైక్రాన్ల పొర అడిగింది. లైను మనుషుల జాబితా బోర్డు మీద పెడతామన్నారు, సోమవారం సాయంత్రం. అందులో ఎక్కినవాళ్లు అక్కడే స్థిరపడతారు. ఎక్కనివాళ్లు ఉన్నచోటే ఉండిపోతారు. బావ పేరు ఉండదని పొడుగాయన ముందే చెప్పాడు. చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. "వదినమ్మకి మీరే ఎలాగో చెప్పండి" అని నా నెత్తిన పెట్టాడు. బావకి ఇక మిగిలింది తుక్కు గదే, రిటైరయ్యేదాకా.

ఆదివారం పాపకి స్కూలు పని ఒకటి ఉంది. ఇంట్లో వెతికి, వెలుగు పూర్తిగా దాటే వస్తువు ఒకటి, కొంచెం దాటేది ఒకటి, అసలు దాటనిది ఒకటి తేవాలి. బీరువా తెరిచి ఉంది. పాప నేరుగా వెళ్లి వాళ్ల నాన్న పుస్తకం తీసింది. నా మంచం మీద బోర్లా పడుకుని పేజీలు తిప్పుతోంది. చెత్తసంచి, దాటదు. బిస్కెట్ కవరు, దాటుతుంది. తెల్లపొర, కొంచెం దాటుతుంది. చివరి పేజీ దగ్గర ఆగింది.

"పిన్నీ, ఇది సగం కనిపిస్తోంది, సగం కనిపించట్లేదు. దీన్ని ఏ లిస్టులో రాయాలి?"

చూశాను. ఏడు మైక్రాన్ల తెల్లపొర ముక్క. మిగతా ముక్కలకన్నా పెద్దది, అరచేయంత ఉంది. దాని మధ్యలో గాజులా, వెనకనున్న కాగితం గీతలు కనిపించేంత తేటగా, ఒక బొటనవేలి ముద్ర. వేలిగీతలతో సహా ఉంది. ముద్రకి అడ్డంగా లావుపాటి గీత ఒకటి. పగులు. కింద బావ చేతిరాత: ఆ రోజు తారీఖు, ఏడు మైక్రాన్లు, 1912వ మీటరు, నా వేలు.

క్రీము మాట లేదు. నా మాట లేదు.

ల్యాబు మనిషిని కదా, ముందు నమ్మలేదు. చేతులు తుడుచుకునే స్పిరిటు చుక్క ఆ ముక్క మూలన వేశాను. తడిసిన చోట గాజులా అయింది, నిమిషానికి ఆరిపోయి మళ్లీ తెల్లబడింది. వేలిముద్ర మాత్రం అలాగే ఉంది. స్పిరిటు ఆరుతుంది, నూనె ఆరదు. సంచీలోంచి ట్యూబు తీసి, జిడ్డు లేని రకం అని రాసున్న ఆ ట్యూబులోంచే, పక్క పేజీలోని తెల్లముక్క అంచున ఇంత రాసి చూశాను. రెండు నిమిషాల్లో గాజైపోయింది. ఇంకేముంది చూడటానికి.

బావ ఏం చేశాడో అప్పుడు తెలిసింది. వేలు ఆనించిన చోట అడుగు లైటు కాస్త ఎక్కువగా వస్తోందని చూశాడు. అది అప్పటికే కెమెరా కింద నుంచి దాటి వచ్చేసిన చోటు, కెమెరా మళ్లీ చూడదు. యంత్రం మీట నొక్కితే చాలు, మూడు వేల మీటర్లలో ఆ ముద్ర చుట్టలోకి వెళ్లిపోయేది, ఎవ్వరికీ తెలిసేది కాదు. వేలంత మేర రంధ్రాలు మూసుకుపోయిన పొరతో బ్యాటరీ తయారయ్యేది. ఏమీ కాకపోవచ్చు. ఏమైనా కావచ్చు. అది కోసి జేబులో పెట్టుకుని, చెయ్యి జారిందన్నాడు.

బావ పెరట్లో పాప బూట్లు కడుగుతున్నాడు. పుస్తకం తీసుకెళ్లి ముందు పెట్టాను. రెండు నెలల తర్వాత నేరుగా మాట్లాడిన మొదటి మాట, "ఎందుకు చెప్పలేదు?"

బావ బూటు పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నానే. పగుల్లో ఉండిపోయినట్టుంది."

"నేనడిగేది అది కాదు. క్రీమని ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎక్కడిదని అడుగుతారు. నా మొహానికి క్రీమేంటి? మీ అక్క ఫ్యాక్టరీకి రాదు. ఇంక మిగిలిందెవరు?" అన్నాడు. "ల్యాబు మనిషే క్రీము తెచ్చిందంటే ఆ రోజే గేటు బయట ఉండేదానివి. నాదైతే గది మారుస్తారు, అంతేగా."

"నేను అన్ని మాటలు అంటుంటే విని ఊరుకున్నావు!"

"నువ్వు ఎప్పుడు తిట్టలేదు గనక?" అని నవ్వాడు.

నేను అక్కడే, ఆ సబ్బునీళ్లలోనే కూర్చుని ఏడ్చాను. పాప వచ్చి చూసి, "అమ్మా, పిన్నీ నాన్నా మాట్లాడుకుంటున్నారు" అని లోపలికి పరిగెత్తింది.

సోమవారం పొద్దున పుస్తకం పట్టుకుని ప్లాంటు సారు గదికి వెళ్లాను. బావకి ఎలా తెలిసిందో, తుక్కు గది నుంచి చెవుల్లో దూదితోనే నా వెనకే వచ్చేశాడు. నేను ట్యూబు బల్ల మీద పెట్టి, "క్రీము నాది సార్. బస్సులో నేనే రాశాను" అన్నాను.

"అబద్ధం సార్. ట్యూబు నాదే. మా మరదలు నన్ను కాపాడాలని చెప్తోంది" అన్నాడు బావ.

"నీదా? వాసన ఏంటో చెప్పు చూద్దాం. దాని పేరు ఒక్కసారి పలుకు!"

"పేరు ఎవడు చదువుతాడు, రాసుకుంటారు గానీ."

"చూశారా సార్!"

ప్లాంటు సారు రెండు చేతులూ పైకెత్తారు. "పాతికేళ్ల సర్వీసులో తప్పు నాది కాదని కొట్టుకున్నవాళ్లని చూశాను గానీ, నాదంటే నాదని కొట్టుకున్నవాళ్లని చూడలేదు. ముందు ఆ దూది తియ్యవయ్యా, అరుస్తున్నావు" అన్నారు. తర్వాత పుస్తకం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఆ పేజీని వెలుతురుకి ఎత్తిపట్టి చాలాసేపు చూశారు. "ఇది కోయకుండా నడిపేసి ఉంటే నాకు కూడా తెలిసేది కాదు కదయ్యా" అన్నారు, గొంతు తగ్గించి.

"దాని మీద ఎవరో కూర్చుంటారు కద సార్" అన్నాడు బావ.

సారు పుస్తకాన్నీ ట్యూబునీ మా వైపు తోశారు. పొర తెగిన రోజు దాకా తను గ్లౌజు విషయంలో దగ్గి తప్పించుకున్న సంగతి ఆయనకీ గుర్తొచ్చి ఉంటుందని నా అనుమానం. సాయంత్రం బోర్డు మీద జాబితా పడింది. బావ పేరు పరిశీలన బల్ల దగ్గరే ఉంది. నాకు మాత్రం ఒక కాగితం చేతికిచ్చారు. హెచ్చరిక. పర్మనెంటు మాట ఇంకో ఏడాది దాకా ఎత్తకూడదు. సంతకానికి కలం తీసుకున్నాను. కర్టెన్లు గుర్తొచ్చాయి. అయినా పెట్టాను. పోయింది ఏడాదే. వాళ్ల లెక్క ప్రకారం నేను గేటు బయట ఉండాల్సినదాన్ని.

ఇంకో మార్పు వచ్చింది. పరిశీలన గది తలుపు దగ్గర ఇప్పుడు పొర తుక్కు ముక్కలు ఒక డబ్బాలో ఉంటాయి. లోపలికి వెళ్లే ప్రతివాళ్లూ ఒక ముక్క మీద బొటనవేలు నొక్కి, రెండు నిమిషాలు ఆగాలి. తెల్లగానే ఉంటే లోపలికి, గాజైతే కుళాయి దగ్గరికి. ప్లాంటు సారు కూడా నొక్కాల్సిందే. దీనికి కాగితాల మీద ఏదో పొడుగు పేరు పెట్టారు, ఎవరికీ గుర్తులేదు. అందరూ "మెల్లిగా పరీక్ష" అంటారు. బావ ఇప్పుడు గ్లౌజు తీయడు. తీయకపోయినా వేలికి తెలుస్తోందట. గొప్పలేమో, నాకు తెలీదు.

ఆ సోమవారం ఇంటికొచ్చాక భోజనాలయ్యాయి. అక్క మా రెండు నెలల మౌనాన్ని భరించిన కసి ఒక్కపూటలో తీర్చుకుంటున్నట్టు మా ఇద్దరినీ కలిపి తిడుతోంది. నేను పుస్తకం ముందేసుకుని చివరి పేజీ తీశాను. ట్యూబు అడుగున ఇంకొంచెం మిగిలింది. దాన్ని నా బొటనవేలికి రాసుకుని, బావ ముద్ర పక్కనే, తెల్లగా ఉన్న చోట ఆనించాను. తప్పులో సగం నాదని ఎక్కడో ఒకచోట ఉండాలనిపించింది. గట్టిగానే నొక్కినట్టున్నాను.

వెనక నుంచి బావ నా భుజం మీదుగా వంగాడు.

"మెల్లిగా," అన్నాడు. "చిరుగుతుంది."